టార్చిలైటు ఎందుకు వెలగలేదు?

అర్ధరాత్రి పొలానికి కరెంటు వచ్చింది. మోటారు వేసి రావడానికి నాన్న బయలుదేరి, టార్చిలైటు మీట నొక్కాడనుకోండి. వెలగలేదు. అరచేతిలో రెండుసార్లు తట్టాడు. ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. గట్టు మీద పామున్నా చీకట్లో కనబడదు కదా! "ఇది చచ్చింది, రేపు కొత్తది కొనాలి" అన్నాడు నాన్న.

నిజంగా చచ్చిందా? తట్టగానే మిణుక్కుమన్నదంటే దీపం బాగానే ఉందన్నమాట. సెల్లులలో శక్తి కూడా కొంత ఉందన్నమాట. మరి లోపం ఎక్కడ? టార్చి విప్పి చూద్దాం.

విద్యుత్తు నడిచే దారి

ఇప్పుడు మన ఇళ్లలో ఉండే చిన్న టార్చిలలో చాలావాటికి అల్యూమినియం గొట్టం, ముందు దీపాలున్న తల, వెనుక మీట ఉన్న మూత ఉంటాయి. లోపల ప్లాస్టిక్ చట్రంలో మూడు సన్న సెల్లులు శ్రేణిలో అమరి ఉంటాయి. ఒక్కొక్కటి 1.5 వోల్టులు; మొత్తం 4.5 వోల్టులు.

విద్యుత్తు చట్రం ధన ధ్రువం నుండి తల మధ్యనున్న బిళ్లకు, అక్కడినుండి దీపాలకు, దీపాల నుండి గొట్టానికి, గొట్టం నుండి వెనుక మీటకు, మీట నుండి స్ప్రింగు ద్వారా రుణ ధ్రువానికి చేరుతుంది. గొట్టం కూడా ఒక తీగలాగే పనిచేస్తున్నదని గమనించారా? ఈ దారిలో ఎక్కడ తెగినా దీపం వెలగదు.

వరుసగా పరీక్షించండి

1. సెల్లులు: మూడింటినీ తీసి కొత్తవి వేయండి. పాతవీ కొత్తవీ కలపకూడదు. అన్నిటికంటే బలహీనమైన సెల్లు ముందుగా ఖాళీ అవుతుంది. మిగిలినవి దానిగుండా విద్యుత్తును బలవంతంగా నడిపితే అది కారిపోతుంది.

2. స్పర్శ స్థానాలు: స్ప్రింగు మీద తెల్లని పొడి కనబడితే సెల్లు కారిందన్నమాట. ఆల్కలైన్ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడు అనే క్షారం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లని పొటాషియం కార్బనేటు అవుతుంది. దీన్ని వట్టి చేతులతో తాకవద్దు. దూదిని నిమ్మరసంలో ముంచి తుడిస్తే చిన్న బుడగలు వస్తాయి. ఆమ్లం కార్బనేటుతో చర్య జరుపుతున్నదని అర్థం. తర్వాత తడిగుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి.

3. గొట్టం అంచులు: నల్లగానో నీలంగానో మెరిసే గొట్టాన్ని గమనించండి. చాలావాటిపై ఉన్నది మామూలు రంగు కాదు, విద్యుద్విశ్లేషణతో కల్పించిన అల్యూమినియం ఆక్సైడు పొర. అది విద్యుత్తును పోనివ్వదు! అందుకే గొట్టం చివరి అంచులను ఆ పొర లేకుండా వదిలేస్తారు. ఆ అంచులకు మురికి పడితే దారి తెగినట్లే. గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి.

4. మీట: వెనుక మూత తీసేయండి. చిన్న రాగి తీగతో చట్రం రుణ ధ్రువాన్ని గొట్టం అంచుకు కలపండి. దీపం వెలిగిందా? అయితే లోపం మీటలోనే ఉంది. కొన్ని మూతలలో మీటను పట్టి ఉంచే ఉంగరం వదులై ఉంటుంది. దాన్ని బిగిస్తే చాలు.

అప్పుడూ వెలగకపోతే తలను పరీక్షించాలి. ఒక్క దీపమే వెలగకపోతే, దాని కాలి దగ్గర టంకం ఊడి ఉండవచ్చు. టంకం పెట్టే పని పెద్దల సాయంతోనే చేయండి.

ఈ దీపం సంగతి

పాత బల్బులో సన్నని తీగ వేడెక్కి వెలుగుతుంది. కాంతి ఉద్గార డయోడులో, అంటే ఎల్.ఇ.డి.లో, తీగే ఉండదు. పి-రకం, ఎన్-రకం అర్ధవాహకాల సంధి దగ్గర ఎలక్ట్రానులు శక్తిని కాంతిగా విడుస్తాయి. విద్యుత్తు ఒకే దిశలో పోతుంది. అందుకే సెల్లులు తిరగబడితే ఇది వెలగదు.

తెల్లని ఎల్.ఇ.డి.లో నిజానికి వెలిగేది నీలి కాంతి. దానిపైనున్న పసుపు పదార్థం ఆ కాంతిలో కొంత తీసుకొని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆరిన దీపంలోకి చూడండి, పసుపు చుక్క కనబడుతుంది. వెలుగుతున్నప్పుడు మాత్రం సూటిగా చూడవద్దు. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని కనిపెట్టినందుకు అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ దీపానికి సుమారు 3.2 వోల్టులు చాలు. 4.5 వోల్టులలో మిగిలిన 1.3 వోల్టులను ఒక నిరోధం భరించాలి. చిన్న దీపానికి 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్లు అనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 1.3 ÷ 0.02 = 65 ఓములు. చాలా చవక టార్చిలలో విడిగా నిరోధం పెట్టరు. సెల్లుల అంతర్నిరోధమే ఆ పని చేస్తుంది.

జాగ్రత్త!

గోడ ప్లగ్గులో పెట్టి చార్జి చేసే టార్చిలను మీరు విప్పవద్దు. వాటిలో కొన్నింటి లోపలి భాగాలు నేరుగా ఇంటి కరెంటుకు కలిసి ఉంటాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. లిథియం సెల్లు రెండు కొసలను తీగతో కలిపితే మంటలు రావచ్చు.

ఇక నాన్న టార్చి సంగతి ఏమిటి? తడితే మిణుక్కుమన్నది కాబట్టి రెండో, మూడో, నాలుగో పరీక్షలో లోపం దొరికే అవకాశం ఎక్కువ. ఇంటిలో కాలింగ్ బెల్లు మోగకపోయినా, బొమ్మకారు కదలకపోయినా ఇదే ప్రశ్నతో మొదలుపెట్టండి: దారి ఎక్కడ తెగింది?

చివరగా ఒక ప్రశ్న. మూడు సెల్లులలో ఒకదాన్ని తిరగేసి పెడితే మొత్తం ఎన్ని వోల్టులు? అప్పుడు దీపం వెలుగుతుందా? కాగితం మీద లెక్కవేసి చెప్పండి.