రాయ్ కాజిల్ పీల్చిన పొగ

రాయ్ కాజిల్ 1932లో యార్క్‌షైర్‌లోని స్కోల్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. హాస్యం, పాట, ట్రంపెట్, ట్యాప్ నృత్యం - ఆయనకు రానిదేమిటో చెప్పడం కష్టం. బి.బి.సి.లో 1972 నుంచి పిల్లల కోసం 'రికార్డ్ బ్రేకర్స్' కార్యక్రమం నడిపారు. మరుసటి ఏడు నిమిషానికి 1,440 ట్యాపులు వేసి తానే రికార్డుకెక్కారు. అంటే సెకనుకు 24! మన కూచిపూడి వారైనా నోరు వెళ్ళబెట్టవలసిందే.

డాక్టరుగా నన్ను కదిలించేది మాత్రం తర్వాతి కథ. జన్మలో సిగరెట్టు ముట్టని ఈ మనిషికి 1992లో ఊపిరితిత్తుల కేన్సరని తేలింది. ఏళ్ళ తరబడి పొగ నిండిన జాజ్ క్లబ్బుల్లో ట్రంపెట్ ఊదడమే కారణమని ఆయన నమ్మారు. ఫలానా రోగికి ఇందువల్లే వచ్చిందని మేము రుజువు చెయ్యలేం. కాని పక్కవాడి పొగ కేన్సరు తెస్తుందన్నది నిజం. పైగా ట్రంపెట్ ఊదేవాడు గుండెల నిండా గాలి పీల్చక తప్పదు. (మన విందుల్లో కిటికీ తెరిచి కాల్చే మిత్రులారా, కిటికీ చాలదు.)

1994 వేసవిలో, జబ్బు ముదిరిపోయినా, లివర్‌పూల్‌లో కేన్సరు పరిశోధన కేంద్రం కోసం రైలెక్కి విరాళాలకు దేశం తిరిగారు. 62 నిండిన రెండో నాడు, సెప్టెంబరు 2న, కన్నుమూశారు. భార్య ఫియోనా ఆ పోరాటం వదల్లేదు. 2007 జులై 1 నుంచి ఇంగ్లండు క్లబ్బుల్లో, పబ్బుల్లో లోపల కూర్చుని సిగరెట్టు కాల్చడం నేరమయింది.