తలకోన యడవిలో తొలి నడక

అడవిని చూడవలెనను కోరిక బాలబాలికల కందఱికిని సహజముగా నుండును. కాని చూచుట వేఱు, చూడ నేర్చుట వేఱు. సంతలో నడచినట్లు అడవిలో నడచువానికి చెట్లు తప్ప మఱేమియు కనబడదు. తెలిసినవాని వెంట మెల్లగా నడచువానికి ఒక్క కిలోమీటరు దూరములోనే ఒక గ్రంథమంత విషయము దొరకును. అట్టి నడక యెట్లుండవలయునో తలకోనను ఉదాహరణముగా గొని తెలిసికొందము.

తూర్పుకనుమలలో శేషాచలపు కొండలు ఒక భాగము. తిరుమల క్షేత్రము ఈ కొండలపైననే వెలసినది. తిరుపతికి వాయవ్యమున, ఈ కొండల నడుమ తలకోన యున్నది. ఇచ్చట సిద్ధేశ్వరస్వామి యాలయమును, సుమారు 270 అడుగుల యెత్తునుండి దుముకు జలపాతమును కలవు. 1989 వ సంవత్సరమున సుమారు 353 చదరపు కిలోమీటర్ల యడవిని శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానముగా ప్రకటించిరి. తలకోన దానిలోనిదే. 2010 వ సంవత్సరమున శేషాచలపు కొండలు జీవావరణ రక్షిత ప్రాంతముగా కూడ గుర్తింపు పొందినవి. కావున అటవీశాఖవారి యనుమతి లేక ఇచ్చటి కాలిబాటలలో సంచరింపరాదు.

తొలిసారి పోవువారు తెల్లవాఱినంతనే బయలుదేరవలయును. ఎండ ముదిరిన పిమ్మట పక్షులు, మృగములు నీడ చేరును. మనకును దప్పిక హెచ్చగును. ఆకుల రంగునో, మట్టి రంగునో పోలిన నూలు వస్త్రములు ధరింపవలయును. కాళ్లకు బూట్లు, తలకు గుడ్డ, చేత నీటిసీసా తప్పనిసరి. అందఱును ఒకరి వెనుక నొకరు వరుసగా నడవవలయును. మార్గదర్శి ముందు నడచును. పెద్దవారొకరు చివర నడువవలయును. గుంపులో అందఱికంటె మెల్లగా నడచువాని వేగమే గుంపు వేగము. మాటలు తగ్గినకొలది అడవి మాటలాడును.

కొండ దిగువ పల్లెలలో పుట్టి పెరిగినవారే సామాన్యముగా మార్గదర్శులుగా నుందురు. వారు మొదట చూపునది ఎఱ్ఱచందనము. దక్షిణపు తూర్పుకనుమలలో తప్ప ప్రపంచమున మఱెచ్చటను ఈ వృక్షము సహజముగా పెరగదు. దీని బెరడు నల్లనై, మొసలి చర్మమువలె పలకలుగా పగిలి యుండును. లోపలి చేవ ముదురు ఎఱుపు. అది యెంత బరువైనదనగా నీటిలో వేసినచో తేలక మునిగిపోవును. రాతినేలలో, కొద్దిపాటి తేమతో పెరుగు చెట్టగుటచే దీనికి చేవ పట్టుటకు అనేక దశాబ్దములు కావలయును. గొడ్డలి కైనచో గడియ చాలును. దొంగనఱకుడు మితిమీరుటచే, 1995 నుండి దీని వ్యాపారము అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి నియంత్రింపబడుచున్నది.

మఱికొంత దూరము పోయినచో గిల్లతీగ కనబడును. మ్రానువలె బలిసిన యీ తీగ చెట్టునుండి చెట్టునకు ప్రాకి, మూరెడును మించిన కాయలను వ్రేలాడవేయును. చెమ్మగిల్లిన రాతి నెఱ్ఱెలలో బంగారు బల్లి నివసించును. మగబల్లి పసిడి వన్నెతో మెఱయును. ఆడుబల్లులు పెక్కు కూడి ఒకే బండకు గ్రుడ్లను అంటించి పోవును. ఒక్క పిల్లవాడు కఱ్ఱతో గీకినచో ఎన్నియో తల్లుల సంతానము ఒక్కమాఱుగా నశించును. ద్వీపకల్పపు రాతికొండలలో మాత్రమే యుండు పసుపుగొంతు పికిలిపిట్టను కూడ ఓపికగలవారు ఇచ్చట చూడవచ్చును.

నేను ఉపాధ్యాయుడుగా నున్న కాలమున ఒకమాఱు ఇరువదిమంది విద్యార్థులతో ఇట్టి నడకకు పోయితిని. మార్గదర్శి బయలుదేరునప్పుడే, “దారి తప్పినవారు తిరుగాడక, నిలిచినచోటనే కూర్చుండవలెను” అని పిల్లలచేత ముమ్మాఱు చెప్పించెను. సగము దారిలో లెక్కింపగా పందొమ్మండుగురే యుండిరి. నా గుండె జల్లుమన్నది. తలకొక దిక్కునకు పోయి వెదకుదమని నేను తొందరపడితిని. అతడు నన్ను వారించి, “అయ్యవారూ! వెదకబోయినవారు తప్పిపోయినచో వారిని వెదకువారెవరు? అందఱును ఇచ్చటనే కూర్చుండుడు” అనెను. పిదప నేలను పరిశీలించుచు, వంగిన గడ్డిని, కదలిన రాళ్లను చూచుకొనుచు వెనుకకు పోయెను. పావుగంటలో బాలుని చేయి పట్టుకొని వచ్చెను. వాడు సీతాకోకచిలుక వెంట బాట విడిచి, పొదలలో దారి తెలియక, చెప్పినమాట గుర్తుంచుకొని ఒక చెట్టుక్రింద కదలక కూర్చుండెనట. వాడు మఱికొంత దూరము తిరిగియున్నచో కొండచరియ దగ్గఱకే చేరియుండును. ఆ తప్పు బాలునిది కాదు. వరుస చివర పెద్దవారిని నిలుపని నాది.

మార్గదర్శి చెప్పు నియమములన్నిటికిని ఇట్టి కారణములే కలవు. ఎండాకాలమున ఒక్క నిప్పురవ్వ ఎండుటాకులను అంటుకొని కొండ కొండంతయు కాల్చును. కోతులకు తినుబండారములు పెట్టినచో అవి అడవిపండ్లను మఱచి మనుజులపై బడును. ఉప్పు వాసన గల ప్లాస్టిక్ సంచిని దుప్పి మ్రింగినచో అది కడుపులో నిలిచి ప్రాణము తీయును. జలపాతము క్రింది బండలు పాచిపట్టి జాఱుచుండును. ఈత వచ్చినవారును అచ్చట ప్రమాదమునకు లోనగుదురు.

ఈ యడవి మన విహారమునకు మాత్రమే యున్నది కాదు. వానచినుకును ఆకులు ఆపును. రాలిన యాకుల పొర దానిని పీల్చి నేలలోనికి పంపును. ఆ నీరే ఊటలై, వాగులై దిగువకు పాఱును. తిరుపతి, తిరుమలలకు త్రాగునీ రందించు కల్యాణి జలాశయమునకు నీరు ఈ కొండలనుండియే చేరుచున్నది. పైన చెట్టు కూలినచో దిగువ కడవ యెండును.

తిరుగు ప్రయాణమున, అడవి వాకిట మార్గదర్శి మరల అందఱిని లెక్కించును. విద్యార్థులు ఇరువదిమందియు ఉండిరి. వెంట తీసికొనిపోయిన సంచులు, సీసాలు కూడ లెక్కకు సరిపోయినవి. పోయినవారందఱును క్షేమముగా తిరిగి వచ్చుట, అడవి యున్నది యున్నట్లు నిలుచుట—ఈ రెండును జరిగినచో ఆ తొలి నడక సఫలమైనట్లే.