బాస్ చేప - చిన్న పడవ

చేపల వేటకు మనిషి పడవను ఆశ్రయించడం ఈనాటిది కాదు. నదీతీరంలోనైనా, సముద్రతీరంలోనైనా పడవ జాలరికి జీవనాధారం. ఎక్కువ వలలను, ఎక్కువ చేపలను మోయగలగడమే దానికి ప్రధాన లక్షణం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇందుకు పూర్తిగా భిన్నమైన పడవ ఒకటి రూపుదిద్దుకొన్నది. అది ఒకే ఒక రకం చేపను దృష్టిలో ఉంచుకొని పుట్టినది. ఒకరిద్దరు మనుషులు గాలాలతో ఆ చేపను పట్టడానికీ, చాలా సందర్భాలలో పట్టిన చేపను ప్రాణంతోనే తిరిగి నీటిలో విడిచిపెట్టడానికీ ఉద్దేశించినది. ఆ చేప పేరు బాస్. దానిని బట్టి పడవకు బాస్ బోటు అన్న పేరు వచ్చింది. లాభాపేక్ష లేని ఈ వేట కోసం సామాన్య గృహస్థులు సైతం ఇంటి ముంగిట పడవను నిలుపుకొంటారు. ఆ పడవను ఎన్నుకోవడంలోనూ, అందులో సామగ్రిని అమర్చుకోవడంలోనూ ఉత్సాహం కంటె వివేకం ఎక్కువ అవసరం. ఎందుకంటే చిన్న పడవలో పొరపాటుకు చోటు తక్కువ.

పడవను గురించి తెలుసుకోవడానికి ముందు చేపను గురించి కొంత తెలుసుకోవాలి. ఈ వేటగాళ్లు ఎక్కువగా కోరుకొనేది పెద్దనోటి బాస్‌ను. దాని పై దవడ చివర కంటిని దాటి వెనుకకు పోయి ఉంటుంది. దానిని గుర్తించడానికి అదే సులువైన ఆనవాలు. బాస్ అని పిలుస్తున్నా నిజానికి అది సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. పేరు ఒకరిది, వంశం మరొకరిది. వేటలో దీని పద్ధతి పులిని తలపిస్తుంది. మునిగిన చెట్ల మోళ్లు, నీటిమొక్కలు, రాళ్ల సందులు మొదలైన వాటి చాటున మాటువేసి, దగ్గరకు వచ్చిన చిన్న చేపపై ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. వసంతకాలంలో నీరు కాస్త వెచ్చబడి 16 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ఒడ్డుకు దగ్గరగా లోతు తక్కువ చోట్లకు వచ్చి గుడ్లు పెడుతుంది. మగ చేప తోకతో అడుగు నేలను ఊడ్చి గూడు సిద్ధం చేస్తుంది. గుడ్లకూ, పిల్లలకూ కావలి కాసేది కూడా అదే.

ఈ స్వభావమే పడవ రూపాన్ని నిర్ణయించింది. లోతు తక్కువ చోటికి పోవాలి. చప్పుడు చేయకుండా పోవాలి. గాలి వీస్తున్నా పడవను ఒకచోట నిలపాలి. వేటగాడు నిలబడి పదేపదే గాలం విసరగలగాలి. సాధారణమైన తెడ్ల పడవలో ఈ నాలుగూ ఒకేసారి సాధ్యం కావు. రెండు చేతులతో తెడ్లు వేసేవాడు గాలం పట్టలేడు. గాలం పట్టినవాడు తెడ్లు వేయలేడు.

ఈ చిక్కు ఒక్కరోజులో విడిపోలేదు. 1909లో మిల్వాకీ నగరంలో ఓలె ఎవిన్‌రూడ్ పడవ వెనుక తగిలించే మోటారును అమ్మకానికి తెచ్చాడు. తాను ప్రేమించిన యువతి కోరిన ఐస్‌క్రీమ్ తెడ్లు వేసుకొంటూ తెచ్చేలోగా కరిగిపోవడమే ఆ ఆలోచనకు మూలమని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, అవుట్‌బోర్డు మోటారు దూరాన్ని జయించింది. అయితే దాని చప్పుడు చేపను బెదరగొడుతుంది. దానికి విరుగుడుగా 1934లో ఫార్గో పట్టణంలో ఓ. జి. ష్మిట్ బ్యాటరీతో నడిచే చిన్న విద్యుత్ మోటారును తయారుచేశాడు. మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రాల సరిహద్దులో పుట్టినందువల్ల రెండు పేర్ల ముక్కలనూ కలిపి దానికి మిన్ కోటా అని పేరు పెట్టారు. ఇలాంటి విద్యుత్ మోటారునే ట్రోలింగ్ మోటారు అంటారు.

1933లో టెన్నెసీ లోయ అభివృద్ధి సంస్థ ఏర్పడిన తరువాత దక్షిణ రాష్ట్రాలలో ఆనకట్టలు వరుసగా వెలిశాయి. విశాలమైన జలాశయాలలో అడవులు, పొలాలు మునిగిపోయాయి. మునిగిన అడవి బాస్ చేపకు కోటగా మారింది. 1948లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్టులో హోమ్స్ థర్మండ్ ఇటువంటి నీటికి అనువుగా అడుగు చదునుగా, ముక్కు సన్నగా, గాలి తాకిడికి కొట్టుకుపోని పడవను ప్లైవుడ్‌తో నిర్మించాడు. దాని పేరు స్కీటర్. ఆ ప్రాంతపు వాడుకలో ఆ మాటకు దోమ అని అర్థం. బాస్ కోసమే నిర్మించిన మొదటి పడవగా దీనికి ప్రసిద్ధి. ఆపై 1967లో అలబామాకు చెందిన భీమా ఉద్యోగి రే స్కాట్ ఆర్కన్సాలోని బీవర్ సరస్సులో 106 మంది వేటగాళ్లతో పోటీ నిర్వహించాడు. మరుసటి ఏడాది బాస్ వేటగాళ్ల సంఘాన్ని స్థాపించాడు. పట్టిన చేపను చంపవద్దన్న నియమాన్ని 1972లో తన పోటీలలో ప్రవేశపెట్టినవాడు కూడా ఆయనే. దానితో చేపను ప్రాణంతో నిలిపి ఉంచే నీటితొట్టి పడవలో తప్పనిసరి భాగమయింది.

నేడు కొనదలచినవానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, 18 నుండి 21 అడుగుల పొడవుండే ఫైబర్ గ్లాస్ పడవ. దానికి 250 అశ్వశక్తి మోటారు, రంగుల తెరలు, మెత్తని ఆసనాలు ఉంటాయి. అన్ని హంగులతో కొత్తది కొంటే ధర లక్ష డాలర్లకు పైబడవచ్చు. రెండవది జాన్ బోటు. ఇది 12 నుండి 16 అడుగుల పొడవు, చదునైన అడుగు, మొండి ముక్కు గల అల్యూమినియం పడవ. అంగుళాల లోతు నీటిలో కూడా సాగుతుంది. చిన్న కారు సైతం దానిని లాగగలదు. పెద్ద జలాశయంలో అలలు లేచినపుడు దీని చదునైన అడుగు నీటిని చీల్చలేక దబదబ కొట్టుకొంటుంది. ప్రయాణం సుఖంగా ఉండదు. అయినప్పటికీ చెరువులకు, చిన్న సరస్సులకు, మొదటిసారి పడవ కొనేవారికి ఇదే తగినది. పెద్ద పడవలో నైపుణ్యం లేనివాడు త్వరగా చేరగలడు. చేప ఉన్న చోటికి చేరగలడని మాత్రం చెప్పలేము.

జాన్ బోటు కొన్నవాడు దానిని ఉన్నది ఉన్నట్లుగా ఉంచుకోవడం అరుదు. బాస్ బోటు సౌకర్యాలన్నీ అందులోకి రావాలని ఆశిస్తాడు. ఇక్కడే లెక్క అవసరం. పడవ ఎంత బరువు మోయగలదో, ఎంత అశ్వశక్తి మోటారును భరించగలదో తెలిపే లోహపు పలక 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఉండాలన్నది అమెరికా సమాఖ్య నిబంధన. పలక లేని పాత పడవకు తీరరక్షక దళం ఒక స్థూలమైన సూత్రాన్ని సూచిస్తుంది. పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించాలి. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే 70ని 15తో భాగించగా నాలుగుకు పైన కొంత మిగులుతుంది. అంటే నలుగురికి మించరాదు.

ఇద్దరమే కదా ఎక్కుతున్నామన్న ధీమా ఈ సందర్భంలోనే మోసం చేస్తుంది. ఇద్దరు మనుషులు తమ సంచులతో సహా 180 కిలోలు, 15 అశ్వశక్తి మోటారు 50, ఇంధనం 10, సీసపు బ్యాటరీలు రెండు 50, తొట్టిలో 60 లీటర్ల నీరు 60, చెక్క వేదిక 40. మొత్తం సుమారు 390 కిలోలు. నలుగురు పట్టే పడవలో ఇద్దరే ఉన్నారు. తక్కిన ఇద్దరి స్థానాన్ని సామగ్రి ఆక్రమించింది. మూడవవాడు ఎక్కితే అంచు నీటికి చేరువవుతుంది.

బరువు ఎంత అన్నదొకటే కాదు, అది ఎంత ఎత్తున ఉన్నదన్నది కూడా ముఖ్యం. నిలబడి గాలం విసరడానికి ముందుభాగంలో ప్లైవుడ్‌తో వేదిక కట్టుకొంటారు. బల్లల ఎత్తుకు సమంగా కడితే నిలబడిన మనిషి గరిమనాభి పైకి లేస్తుంది. సన్నని పడవలో పెద్ద చేప ఒక పక్కకు లాగినపుడు, ఇద్దరూ అదే పక్కకు వంగితే పడవ తిరగబడుతుంది. కాబట్టి వేదికను వీలైనంత కిందికి ఉంచడమే క్షేమం. చెదలు పట్టకుండా రాగి మందు పట్టించిన కలప చవకగా దొరుకుతుంది కాని, తడిసినపుడు ఆ రాగి అల్యూమినియాన్ని తినివేస్తుంది. మరొక పొరపాటు ఇంకా ప్రమాదకరమైనది. బల్లల కింద నురుగు దిమ్మెలు బిగించి ఉంటాయి. పడవ నీటితో నిండినా పూర్తిగా మునిగిపోకుండా తేల్చేవి అవే. పెట్టెలకు చోటు కోసం వాటిని పెరికివేయడం, చివరి ఆధారాన్ని చేజేతులా తీసివేయడమే అవుతుంది.

మోటారు, ఇంధనం, నడిపే మనిషి ముగ్గురూ వెనుకనే ఉండటం వల్ల పడవ ముక్కు పైకి లేస్తుంది. అందువల్ల బ్యాటరీలను ముందుకు జరుపుతారు. ట్రోలింగ్ మోటారు కూడా ముక్కు వద్దనే ఉంటుంది. పడవను వెనుక నుండి తోయడం కంటె ముందు నుండి లాగితే దిశ చక్కగా నిలుస్తుంది. దాని శక్తిని తోపు అనే కొలతతో చెబుతారు. ప్రతి వంద పౌన్ల బరువుకు కనీసం రెండు పౌన్ల తోపు కావాలి. పైన చెప్పిన పడవ బరువు సామగ్రితో కలిపి దాదాపు 480 కిలోలు, అనగా సుమారు 1,060 పౌన్లు. కాబట్టి 21 పౌన్లు చాలాలి. గాలి వీచే చోట అంతకు రెట్టింపు ఉంటేనే పడవ మాట వింటుంది. ఈ మోటారుకు కారు బ్యాటరీ పనికిరాదు. కారుకు క్షణకాలం పెద్ద శక్తి కావాలి. ట్రోలింగ్ మోటారుకు గంటల తరబడి కొద్దికొద్దిగా కావాలి. దానికి దళసరి పలకల బ్యాటరీ వేరుగా ఉంటుంది. లిథియం బ్యాటరీ ఖరీదైనదే అయినా, బరువు సగానికి తగ్గుతుంది కనుక చిన్న పడవకు ఆ ఖర్చు వృథా కాదు.

నీటి అడుగును చూపే సోనార్ యంత్రాన్ని 1950ల చివరలో కార్ల్ లారెన్స్ వేటగాళ్లకు అందుబాటులోకి తెచ్చాడు. యంత్రం నుండి వెలువడిన ధ్వని నీటిలో సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో పోయి, అడుగును తాకి వెనుకకు వస్తుంది. పది మీటర్ల లోతుకు పోయిరావడానికి పట్టే కాలం సెకనులో 75వ వంతు. చేప కడుపులోని గాలితిత్తి కూడా ధ్వనిని ప్రతిఫలింపజేస్తుంది. 2018 తరువాత ప్రచారంలోకి వచ్చిన కొత్త యంత్రాలు పడవ ముందున్న చేప కదలికను ఆ క్షణంలోనే తెరపై చూపుతాయి. ఇక వేటలో మిగిలిన విద్య ఏమిటని పాతతరం వేటగాళ్లు వాదిస్తున్నారు. కొన్ని పోటీలలో వీటి వాడకంపై పరిమితులు కూడా వచ్చాయి. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. చేపను విడిచిపెట్టాలనుకొనేవారికి తెర కంటె తొట్టి ముఖ్యం. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం నీటిని కదిలించే పంపు ఆగిపోతే, విడిచిపెట్టిన చేప ఈదుకొంటూ పోయినట్లే కనబడి తరువాత చనిపోవచ్చు.

చిన్న పడవ ప్రాణం తీసే తీరు సాధారణంగా నాటకీయంగా ఉండదు. ఒంటరిగా పోతున్నవాడు మోళ్లు తగిలి నీటిలో పడతాడు. చేయి వదలిన మోటారు ఒక పక్కకు తిరిగి, పడవ వలయాకారంలో తిరుగుతూ పడినవానిపైకే వస్తుంది. నివారణ చాలా చిన్నది. నడిపేవాని ఒంటికీ మోటారు మీటకూ మధ్య ఒక తాడు ఉంటుంది. మనిషి పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. సమాఖ్య పరిధిలోని జలాలలో 26 అడుగుల లోపు పడవలను వేగంగా నడిపేటపుడు ఈ తాడును తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుండి చట్టబద్ధమయింది. ప్రాణరక్షక కవచం సంగతి కూడా ఇంతే. తీరరక్షక దళం లెక్కల ప్రకారం పడవ ప్రమాద మరణాలలో సుమారు నాలుగింట మూడు వంతులు నీట మునగడం వల్లనే. అలా మునిగినవారిలో అత్యధికులు కవచం ధరించనివారే. వారిలో ఎందరి పడవలలోనో అది బల్ల కింద భద్రంగా ఉండే ఉంటుంది. వసంతకాలంలో బాస్ ఒడ్డుకు వచ్చే రోజులలో గాలి వెచ్చగా ఉన్నా నీరు చల్లగానే ఉంటుంది. అందులో పడినవాడు ఉలిక్కిపడి ఊపిరి బలంగా లోపలికి తీసుకొంటాడు. ఈత వచ్చినవానికి కూడా ఆ మొదటి నిమిషం గడవడమే కష్టం. తిరిగి ఎక్కేటపుడు మోటారు ఆపిన పిమ్మట వెనుక వైపు నుండి ఎక్కాలి. పక్క నుండి ఎక్కబోతే పడవ మీదికి ఒరుగుతుంది.

ఇంటికి చేరే వరకు పడవ బాధ్యత తీరదు. లాగుడు బండిపై బరువును సర్దేటపుడు దాదాపు పదవ వంతు కారు కొక్కెంపై పడేటట్లు చూడాలి. తక్కువయితే రహదారిపై బండి తోకలా ఊగిపోతుంది. ఒక సరస్సు నీటిని మరొక సరస్సుకు మోసుకుపోవడం మరింత పెద్ద తప్పు. జీబ్రా ఆల్చిప్ప అనే విదేశీ జీవి పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి. పడవ అడుగున మిగిలిన చెంబెడు నీరు చాలు వాటికి. 2009లో టెక్సోమా సరస్సులో ఇవి బయటపడిన తరువాత, 2014 జులై 1 నుండి టెక్సస్ రాష్ట్రమంతటా సరస్సు విడిచే ముందు పడవలోని నీటినంతా పారబోయాలని నిబంధన విధించారు. డాలస్ పరిసరాలలో స్థిరపడి, వారాంతాలలో లూయిస్‌విల్ సరస్సుకు పోయే తెలుగువారికీ ఈ నిబంధన వర్తిస్తుంది.

నీరు పోవడానికి పడవ వెనుక అడుగున చిన్న రంధ్రం, దానికొక బిరడా ఉంటాయి. ఇంటికి పోయేటపుడు బిరడా తీయాలి. మరల నీటిలోకి దించేటపుడు బిగించాలి. తీయడం మరచినవాడు సరస్సుకు అపకారం చేస్తాడు. బిగించడం మరచినవాడు రేవులోనే పదిమంది ఎదుట పడవలోకి నీరు ఊరుతుంటే చూస్తూ నిలబడతాడు. అనుభవజ్ఞులు ఊడదీసిన బిరడాను మోటారు తాళపుచెవికి కట్టి ఉంచుతారు.