లైట్లు వెలుగుతాయి, కారు కదలదు – ఎందుకు?

గత సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవం ముగిసి, భోజనాలు చేసి లేచేసరికి రాత్రి పదిన్నర అయింది. ఇక్కడే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు సొంత కారు కిరాయికి తిప్పుకుంటున్న ఒక అన్న అందరికీ చెప్పి బయలుదేరాడు. తాళం తిప్పితే 'టక్' మని ఒక్క శబ్దం. అంతే. హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన ఒక కుటుంబాన్ని శంషాబాద్ విమానాశ్రయానికి తీసుకువెళ్ళాలి. ఎనిమిది మందిమి గేటు దాకా తోశాం. సెకండ్ గేరులో క్లచ్ వదలగానే ఇంజన్ అందుకుంది.

ఆ గుంపులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది నేనొక్కడినే. "తమ్ముడూ, నువ్వు చెప్పు, ఏమై ఉంటుంది?" అని అన్న నన్నే అడిగాడు. "బ్యాటరీ అయ్యుంటుందన్నా" అన్నాను. మర్నాడు మెకానిక్ కూడా అదే అన్నాడట. అన్న అయిదు వేలకు పైగా పెట్టి కొత్త బ్యాటరీ వేయించాడు. రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ అదే 'టక్'. ఈసారి తోసేవాళ్ళు లేరు. కిరాయి పోయింది, ఆ నెల ఫైనాన్సు కిస్తీ ఆలస్యమైంది. అందులో నా నోటిమాటకూ వాటా ఉంది కనుకనే ఈ వ్యాసం రాస్తున్నాను. మనవాళ్ళలో డ్రైవింగే బతుకుదెరువుగా ఉన్నవారు చాలామంది ఉన్నారు.

కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులిస్తుంది. సీసం పలకలు, వాటి మధ్య నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చేదాకా కార్లను ముందు నిలబడి హ్యాండిల్‌తో తిప్పేవారు. ఆ చెయ్యి చేసే పనినే ఇప్పుడు మనం 'సెల్ఫ్' అని పిలిచే మోటారు చేస్తోంది. దానికి కావలసిన కరెంటు చాలా ఎక్కువ.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రెండు హెడ్‌లైట్లకు కలిపి సుమారు 10 ఆంపియర్లు చాలు. చిన్న కారు సెల్ఫ్ మోటారుకు 150 ఆంపియర్ల దాకా కావాలి. దారిలో ఒకచోట తుప్పు పట్టి 0.02 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. మనం పదో తరగతిలో బట్టీ పట్టిన ఓమ్ నియమం ప్రకారం లెక్క వేస్తే, లైట్ల దగ్గర పోయేది 0.2 వోల్టు మాత్రమే. కంటికి తేడా తెలియదు. అదే సెల్ఫ్ కొట్టేటప్పుడు 150ని 0.02తో గుణిస్తే 3 వోల్టులు ఆ తుప్పు దగ్గరే ఆవిరైపోతాయి. మిగిలిన దానితో మోటారు తిరగదు. కాబట్టి 'లైట్లు వెలుగుతున్నాయి కదా, కరెంటు బాగానే ఉంది' అనుకోవడం ఎంత పొరపాటో, 'సెల్ఫ్ తిరగలేదు, బ్యాటరీ పోయింది' అని తేల్చేయడమూ అంతే పొరపాటు. నేను చేసింది రెండోది.

ముందు చెవులు పెట్టి వినాలి. 'టకటకటక' అని వరుసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీ దిగిపోయినట్టు. ఒక్క 'టక్' వచ్చి ఆగితే కనెక్షన్లనో, సెల్ఫ్ మోటారునో అనుమానించాలి. అసలు ఏ లైటూ వెలగకపోతే టెర్మినల్ ఊడిందేమో చూడాలి. ఇంజన్ చక్కగా తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీ జోలికి పోనక్కరలేదు. లోపం పెట్రోలు దగ్గరో, స్పార్కు దగ్గరో ఉంటుంది. కొన్ని కార్లు క్లచ్ తొక్కితే గాని స్టార్ట్ కావు. ఇది చెబితే నవ్వుతారు గానీ, ఆ కంగారులో ఎవరైనా మరచిపోవచ్చు.

తరువాత మల్టీమీటరు. రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున్నే కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12 చూపిందంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి పడిపోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లేకపోతే మెకానిక్‌లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరో, దాని బెల్టో చూడాలి. అది బాగుచేయకుండా ఎన్ని కొత్త బ్యాటరీలు పెట్టినా దిగిపోతూనే ఉంటాయి.

అన్న కారులో ఇవేవీ కావు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు ఒక ఎర్తు తీగ వెళుతుంది. ఇంజన్ దగ్గర దాని బోల్టు కింద తుప్పు పట్టింది. ఇంకో మేస్త్రీ ఒక జంపర్ కేబులుతో బ్యాటరీ మైనస్‌ను నేరుగా ఇంజన్ ఇనుముకు కలిపాడు. సెల్ఫ్ ఒక్కసారిగా గిర్రున తిరిగింది! బోల్టు విప్పి, ఎమ్రీ పేపరుతో రుద్ది, గట్టిగా బిగించాడు. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. కొత్త బ్యాటరీ బలంగా ఉండబట్టి ఆ రెండు వారాలూ తుప్పును నెట్టుకుంటూ వచ్చిందన్నమాట.

టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే ముందు అది శుభ్రం చేయండి. తీగలు విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, పైన కాస్త వాజిలైన్ రాస్తే చాలు. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోనివ్వకూడదు.

నిజంగానే మార్చవలసి వస్తే పది నంబరు పానా ఉంటే చాలావరకు పని అయిపోతుంది. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. కారు బాడీ అంతా మైనస్సే కనుక, మైనస్ తీగ ఉండగా ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలిందా, షార్ట్ అయి నిప్పులు లేస్తాయి. ఛార్జింగు సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ కూడా వద్దు. యాసిడ్ చర్మానికి తగిలితే ధారగా నీళ్ళు పోయాలి.

కొత్తది కొనేటప్పుడు సైజు, ప్లస్ మైనస్‌లు ఉండే వైపు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్ అవర్లు తగ్గకూడదు. తయారీ తేదీ చూసి, వారంటీ కార్డు మీద స్టాంపు వేయించుకోండి. పాతది దుకాణంలో ఇస్తే ధర తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది శుద్ధి కేంద్రానికే చేరాలి. కొందరు ఇంటి దగ్గరే పగలగొట్టి సీసం కరిగిస్తారు. ఆ పొగ పిల్లల మెదడుకు హాని చేస్తుంది.

అన్న కూడా తన పాత బ్యాటరీని అలాగే ఇచ్చి ఎనిమిది వందలు తగ్గించుకున్నాడు. బహుశా అది బాగానే ఉండి ఉంటుంది. ఇచ్చేముందు దానికి మీటరు పెట్టి చూసినవాళ్ళెవరూ లేరు.