గుట్టమీది గుడ్లగూబ

కంబదూరు పరిసరములందు సందెవేళ నిలిచి చూచినచో బండరాళ్ళ గుట్టలు, వాని పాదములందు ఎండిన బోదగడ్డి, ఆవల వేరుసెనగ చేలు కానవచ్చును. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చెట్లు తక్కువగానుండు ఇట్టి నేలను బంజరని తలచి ఊరకుందుము. చీకటి పడగానే ఆ గుట్టనుండి 'బూ... బూఊ' అను గంభీరధ్వని వినవచ్చును. విన్నవారు కీడు శంకింతురు. నిజమునకు ఒక పక్షి తన హద్దును చాటుకొనుచున్నది.

అది కొమ్ముల గుడ్లగూబ. భారత ఉపఖండమే దాని నివాసము. పొడవు అరమీటరు దాటును. నారింజవన్నె కన్నులు, తలపై కొమ్ములవలె నిక్కియుండు ఈకలు. పగలు బండల నీడలో కదలక కూర్చుండును. రాతివన్నెలో దాని గోధుమవన్నె కలిసిపోవుటచే పసులకాపరికైనను కానరాదు.

రాత్రివేళ అది చేలపైకి వచ్చును. పట్టిన ఎలుకను తిని, అరగని ఎముకలను, బొచ్చును ఉండగా చేసి కక్కివేయును. ఆ ఉండలను విప్పినచో పక్షి ఆహారము తెలియును. పుదుచ్చేరి ప్రాంతమున అట్లు పరిశీలించినవారికి వానిలో ప్రధానముగా ఎలుకజాతుల ఎముకలే లభించినవి. వేరుసెనగ కాయను కొల్లగొట్టు ఎలుకను కూలి అడుగక పట్టు కావలివాడు రైతునకు ఇంకెవ్వడు?

ఈ పక్షి గూడు కట్టదు. చలికాలము మొదలు వేసవి ఆరంభమువరకు, బండ అంచునగాని పొదక్రిందగాని నేలను కొంచెము గోకి, సాధారణముగా 3, 4 గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు సుమారు 5 వారములు పట్టును. మనిషి దగ్గరకు వచ్చినచో తల్లి రెక్క విరిగినట్లు నటించి అతనిని దూరముగా తీసికొనిపోవును. ఎగురుట రాకముందే పిల్లలు నేలపై తిరుగాడును. అనాథలని తలచి వానిని ఇంటికి తెచ్చుట దయ అనిపించును గాని, అది తల్లినుండి వేరుచేయుటయే.

నేలపై గ్రుడ్లు పెట్టు పక్షికి గడ్డికి పెట్టు నిప్పు, రాతికై గుట్టను పగులగొట్టుట ప్రాణాంతకములు. ఎలుకలకు పెట్టిన మందు ఎలుకతోపాటు దీని కడుపున చేరును. దీనికితోడు క్షుద్రపూజల మూఢత్వము. ట్రాఫిక్ అను సంస్థ 2010లో ప్రకటించిన నివేదిక ప్రకారము, దేశమునగల 30 గుడ్లగూబ జాతులలో 15 జాతులు పక్షుల వ్యాపారమున కనబడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వీనిని పట్టుట, అమ్ముట నేరము.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఈ జాతిని అపాయమున నున్నవానిలో చేర్చలేదు. అయినను, ఒక గుట్ట పోయినచో దానిమీది జంటకు మరియొకటి దొరకుట కష్టము; పొరుగు గుట్టను వేరొక జంట ఏలుచుండును. కావున చలికాలమున గుట్ట అంచులజోలికి పోకుండుట, గడ్డిని తగులబెట్టకుండుట, చేనిలో ఎలుకల మందు తగ్గించుట మనము చేయదగిన పనులు. వీనికి ఖర్చు లేదు. రేపు సందెవేళ ఆ కూత వినబడినచో, మన చేనికి కాపలా కలదని పిల్లలకు చెప్పుదము.