పాత ట్రాక్టర్‌తో గడ్డి కోత: లిఫ్ట్ చేసే పని, చేయలేని పని

గడ్డి కోసే మిషన్‌కు, అంటే మోవర్‌కు, ట్రాక్టర్ రెండు పనులు చేసిపెట్టాలి. బ్లేడు తిప్పాలి, మిషన్‌ను కావలసినప్పుడు లేపి దించాలి. తిప్పడం పీటీవో షాఫ్ట్ పని, లేపడం హైడ్రాలిక్ లిఫ్ట్ పని. పాత బండిలో ఈ రెండింటినీ కలపబోతేనే తిప్పలు మొదలవుతాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో చాలా ఇళ్లలో పాడి ఉంటుంది. బోరు కింద పెంచిన కో-4 గడ్డినీ, జొన్న చొప్పనూ చాలామంది ఇప్పటికీ కొడవలితోనే కోస్తారు. దుక్కికీ ట్రాలీకీ వాడే పాత మాస్సీ 1035 ఇంట్లో ఉన్నప్పుడు, దాని లిఫ్ట్ నుంచి పైపు తీసి ఆయిల్ మోటారుతో బ్లేడు తిప్పితే సరిపోదా అనిపించడం సహజం.

సరిపోదు. నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ పారుతుందో దాన్ని బార్లలోని పీడనంతో గుణించి, 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 12 లీటర్లు, 150 బార్లు ఇచ్చే చిన్న పంపుతో వచ్చేది 3 కిలోవాట్లు, అంటే దాదాపు 4 హెచ్‌పీ. పైపుల్లో, మోటారులో కొంత పోతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. చిన్న డ్రమ్ మోవర్‌కే 20 హెచ్‌పీకి పైగా కావాలి. నిమిషానికి 540 చుట్లు తిరిగే పీటీవోనే దానికి తగిన దారి.

హ్యారీ ఫెర్గూసన్ 1920ల్లో మూడు లింకుల పద్ధతిని రూపొందించింది నాగలి కోసం. 1939లో వచ్చిన ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టర్‌తో అది ప్రపంచమంతా పాకింది. నేల బిగుసుకుంటే లిఫ్ట్ దానంతటదే కొద్దిగా లేచి నాగలి భారం తగ్గించడం అందులోని గొప్పతనం. గడ్డి కోతకు ఆ డ్రాఫ్ట్ కంట్రోల్ పనికిరాదు. పొజిషన్ లివర్‌తోనే ఎత్తు పెట్టుకోవాలి. మోవర్‌కు సొంత జారుడు పట్టీలు ఉంటే లివర్ పూర్తిగా దించి, బరువు నేల మీద మోపాలి. రాళ్లు తేలిన ఎర్రనేలల్లో బ్లేడును నేలకు మరీ దగ్గరగా పెట్టకూడదు.

పైన చెప్పిన 1035 లాంటి మాస్సీ 35 వంశపు బళ్లలో ఒక చిక్కుంది. లిఫ్ట్ పంపు గేర్‌బాక్స్ వెనక ఆయిల్‌లోనే మునిగి, పీటీవో షాఫ్ట్‌తో తిరుగుతుంది. ఆ షాఫ్ట్‌కు ఇంజిన్ శక్తి ఆగితే లిఫ్ట్ లేవదు. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కగానే చక్రాలతో పాటు బ్లేడుకూ లిఫ్ట్‌కూ ఇంజిన్ శక్తి ఆగుతుంది. అంతకన్నా ప్రమాదం, వేగంగా తిరుగుతున్న డ్రమ్ముల ఊపు గేర్‌బాక్స్ గుండా బండిని ముందుకు నెట్టగలదు. పీటీవో షాఫ్ట్‌కు ఓవర్‌రన్ క్లచ్ తగిలిస్తే ఆ ఊపు వెనక్కి రాదు. డ్యూయల్ క్లచ్ బండిలో సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి. ఒత్తుగా ఉన్న చోట బ్లేడు తిరుగుతూనే ఉంటుంది గనుక గడ్డి చుట్టుకోదు. పాత బండి కొనేటప్పుడు రంగు కన్నా ముందు ఏ క్లచ్ ఉందో చూడాలి.

కోత పట్టీని మడిచి లేపడానికి సిలిండర్ కావలసిన మోవర్లకు లిఫ్ట్ నుంచి ఒక పైపు తీసుకోవచ్చు. పాత లిఫ్ట్ ఒకవైపే తోస్తుంది కాబట్టి, బరువుతో తనంతట దిగే సింగిల్ యాక్టింగ్ సిలిండరే పెట్టాలి. లేపిన మోవర్ మెల్లగా దిగజారుతుంటే లోపల సీళ్లో వాల్వులో అరిగినట్టు. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. దాన్ని మార్చాల్సిందే.

లేపిన మోవర్ కిందికి వెళ్లే ముందు ఇంజిన్ ఆపి, దిమ్మెలు పెట్టాలి. పైపు కారుతోందేమో వేలితో తడిమి చూడకూడదు, సూదిబెజ్జం గుండా చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఆయిల్ ఒంట్లోకి దిగితే నొప్పి తక్కువగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.