తోట విడిచి వెళ్లని వృద్ధాప్యం: ఉద్దానంలో పెద్దల కోరిక, కుటుంబాల బాధ్యత

శ్రీకాకుళం జిల్లాలో పలాస మొదలుకొని ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన నేలకు ఉద్దానమని పేరు. ఇక్కడి యువకులు హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫ్ దేశాలకో పనికి పోవడం ఎప్పటినుంచో ఉన్నదే. వయసు మీదపడిన తల్లిదండ్రులను తమ దగ్గరకు వచ్చేయమని వారు పిలిచినప్పుడు చాలామంది పెద్దలు కదలడానికి ఒప్పుకోరు. దాన్ని మొండితనంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి చెట్లను వేళ్లతో సహా కూల్చింది. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక, ఆ తరువాత మళ్లీ మొక్కలు నాటి నీళ్లు పోసి పెంచిన మనిషికి ఆ ఇల్లు తలదాచుకునే చోటు మాత్రమే కాదు, చేతిలో ఇంకా మిగిలివున్న పని కూడా.

అయితే ఉద్దానంలో ఈ కోరికను నెరవేర్చడం మిగతా చోట్లకన్నా కష్టం. మధుమేహం, రక్తపోటు లేనివారిలో సైతం మూత్రపిండాలు క్రమంగా పాడయ్యే వ్యాధి ఈ ప్రాంతాన్ని కొన్ని దశాబ్దాలుగా పీడిస్తోంది. ఎన్ని పరిశోధనలు జరిగినా దీనికి కచ్చితమైన కారణం ఇదని ఇంకా తేలలేదు. పనిచేసే వయసువారిని సైతం ఇది కబళించడంతో, కొడుకు తల్లిని చూసుకోవలసిన ఇంట తల్లే కొడుకును డయాలసిస్‌కు తీసుకువెళ్లవలసి వస్తున్నది. అటువంటి ఇంటిలో వృద్ధురాలి సంరక్షణను గురించి మాట్లాడేటప్పుడు, ఆమె తాను చాకిరీ చేస్తూనే సాయం కోరే స్థితిలో ఉన్నదని గుర్తించాలి.

డయాలసిస్ అంటే మూత్రపిండాలు చేయలేని రక్తశుద్ధిని యంత్రంతో చేయించడం. సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. కనుక పల్లెలోనే ఉంటామనే పెద్దవారి విషయంలో మొదట తేల్చవలసినది వారిని కేంద్రానికి ఎవరు తీసుకువెళతారు, నీరసంగా తిరిగివచ్చిన మనిషికి ఆ పూట ఎవరు అన్నం పెడతారు అన్నది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనందువల్ల విశాఖపట్నం ప్రయాణం కొందరికి తప్పింది గాని, ఊరి నుంచి ఆసుపత్రి దాకా ఆటోను మాట్లాడవలసినది కుటుంబమే. కడుపులోకి ద్రవాన్ని ఎక్కించి కొన్ని గంటలకు దించే పద్ధతి ఇంకొకటి ఉన్నది. వైద్యులు తగునని చెబితే దానిని ఇంటివద్దనే రోజుకు మూడు నాలుగు సార్లు చేసుకోవచ్చు. అయితే అందుకు శుభ్రమైన గది, చేతులు శ్రద్ధగా కడుక్కొని ఆ ద్రవపు సంచిని మార్చగల మనిషి తప్పనిసరి, లేకుంటే కడుపులో చీము పట్టే ప్రమాదం ఉన్నది.

ఇంటిలోపలి జాగ్రత్తలు చిన్నవిగా కనిపిస్తాయి గాని ప్రాణానికి సంబంధించినవి. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి శస్త్రచికిత్స చేసిన చేతితో బిందె ఎత్తకూడదు, ఆ చేతికి రక్తపోటు పరీక్ష చేయించకూడదు. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది కనుక, పెరటి చెట్టు నుంచి దించిన కొబ్బరినీళ్లను సైతం వైద్యుని అడగకుండా తాగరాదు. కొబ్బరితోటలో బతుకు గడిపిన మనిషికి ఈ మాట చెప్పవలసి రావడం ఎంత బాధాకరమో వేరే చెప్పనక్కరలేదు. మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొనే మాత్రలు మూత్రపిండాలను మరింత దెబ్బతీయవచ్చు. పెరట్లోని మరుగుదొడ్డికి రాత్రి నడిచే దారిలో దీపం, గోడకు పట్టుకునే కమ్మీ ఏర్పరచడం పెద్ద ఖర్చు కాదు.

ఇక కాగితాల సంగతి. పెద్దలు బతికుండగానే తోటను పిల్లల పేర రాసి, తరువాత ఆ ఇంటిలోనే పరాయివారైపోయే ప్రమాదం ఉన్నది. వీలునామా మరణానంతరమే అమలులోకి వస్తుంది, దానపత్రం వెంటనే హక్కును బదలాయిస్తుంది. ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతుపై ఆస్తి పొంది ఆ మాట తప్పినవారి దస్తావేజును రద్దు చేయమని కోరవచ్చు. అయితే ఆ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం మేలు. ఇటువంటి అర్జీని, పోషణ ఖర్చు కోరే అర్జీని రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలు, అనగా ఇటువంటి తగాదాలనే విచారించే ప్రత్యేక న్యాయవేదిక, స్వీకరిస్తుంది. టెక్కలి, పలాస రెండూ డివిజను కేంద్రాలే కనుక దూరం పోనక్కరలేదు. సలహా కోసం 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు, డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలు. అది ఆసరా మాత్రమే, సంరక్షణకు సాటి రాదు. ఊళ్లో ఉండిపోయిన కోడలో, కూతురో రాత్రింబవళ్లు చేసే సేవ ఏ లెక్కలోనూ చేరదు. దూరాన ఉన్న అన్నదమ్ములు నెలనెలా డబ్బు పంపడంతో సరిపెట్టుకోక, ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి ఆ బరువును తామే మోస్తేనే ఆమెకు ఊపిరి ఆడుతుంది. ఆమెను అడగకుండా పెద్దల కోరికకు తల ఊపడం, ఆ కోరిక భారమంతా ఒక్కరిపై మోపడమే అవుతుంది.

అడగవలసిన ప్రశ్నలను పెద్దవారు తెలివిలో, ఓపికలో ఉన్నప్పుడే అడగాలి: పరిస్థితి విషమిస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లాలా, యంత్రాలపై ఉంచడానికి ఇష్టమేనా, డయాలసిస్ ఇక వద్దనిపిస్తే ఆ మాట ఎవరితో చెబుతారు? ఇటువంటి ఇష్టాలను ముందుగానే రాసిపెట్టే పత్రానికి సుప్రీంకోర్టు 2018లో ఆమోదం తెలిపి, 2023లో ఆ పద్ధతిని సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలును. సంక్రాంతికి బిడ్డలందరూ ఊరు చేరినప్పుడు, ఇంటివారందరి సమక్షంలో, ఆ పెద్దవారి నోటితోనే వారి అభిమతాన్ని విని రాసుకోవచ్చు.